మునెమ్మక్క కలిపిన అంగుళాలు

తిరువళ్ళూరు బజారులో కొత్తగా పెట్టిన టైలరు దుకాణంలో అడుగు పెట్టగానే మిషన్ నూనె వాసన, ఇస్త్రీపెట్టె కింద వెచ్చబడుతున్న కొత్త గుడ్డ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. "అళవు జాకెట్టు తెచ్చినారా అక్కా?" అని అడిగింది కుట్టే ఆవిడ. కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టును మా వైపు అలాగే అంటాం. నా చెయ్యి సంచీలోకి పోయి అక్కడే ఆగింది. అందులో ఉన్నది రెండేళ్ళ కిందట, నేను బాగా సన్నబడ్డప్పుడు మునెమ్మక్క కుట్టిన జాకెట్టు. ఈ మధ్య అది చంకల కింద బిగుస్తోంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మునెమ్మక్క ఉంటే ఒక్క చూపుతో కనిపెట్టేది.

మునెమ్మక్క మా తిరుత్తణిలో, కొండ మెట్లకు పోయే వీధిలో, ఒక అరుగు మీద మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అరుగుకు మూడు మెట్లు. బక్కపలచని మనిషి. ఎప్పుడూ మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. అందుకని మితభాషి అనుకునేవాళ్ళు. సూదులు తీసిందంటే ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. నేను ఆమె దగ్గరికి చేరడానికి ఒక కారణం ఉంది. అంతకుముందు వెళ్ళిన దుకాణంలో టైలరు నా చుట్టుకొలత తీసి, రాసుకునే మనిషికి వినబడాలని అంకెను గట్టిగా అరిచాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూశారు. ఇక టేపును ఒంటికి తాకనివ్వకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మునెమ్మక్కకు నా పెళ్ళినాటి జాకెట్టు ఇచ్చి, "దీని ప్రకారం కుట్టక్కా, చాలు" అన్నాను. నన్ను తల నుంచి కాలిదాకా ఒకసారి చూసి, "సరి" అంది.

ఎనిమిదేళ్ళు అదే జాకెట్టు ఇస్తూ వచ్చాను. ఆమె కుట్టినవన్నీ చక్కగా పట్టేవి. రైల్లో ముగ్గురి సీటులో నేను కూర్చుంటే పక్కన ఒక్కరికే చోటుండేది. ఆఫీసులో నాకోసమని చేతుల్లేని కుర్చీ వేశారు. అయినా నా ధీమా నాదే: పెళ్ళినాటి అళవు ఇంకా సరిపోతోంది కదా, మరీ అంత పెరిగిపోలేదు. అద్దాన్ని నమ్మేదాన్ని కాదు గానీ జాకెట్టును మాత్రం గట్టిగా నమ్మేదాన్ని.

మా తమ్ముడి కూతురికి చెవులు కుట్టే వేడుకకు జాకెట్టు కుట్టించుకుందామని పట్టుగుడ్డ పట్టుకుని వెళ్ళిన రోజు, మునెమ్మక్క నా అళవు జాకెట్టును బల్ల మీద పరిచింది. హుక్కు వేయమని నేను తెచ్చిన కిందటేటి జాకెట్టును దాని మీద పరిచింది. కింద ఉన్నది కనబడకుండా పోయింది.

"ఇన్నేండ్లూ నీ అళవుకు కుట్టనే లేదు సుజాతా. కంటితో చూసి కలుపుకుంటా వచ్చినా."

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పింటే ఇంకో అంగడికి పోయిందువు. ఆడా అరిచేవాండ్లే."

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్తా ఉండావు?"

"ఈ మూడు మెట్లెక్కేదానికి నడాన ఆయాసపడి నిలబడినావు. బట్టంటే కలుపుతా. ఊపిరి యాడ తెచ్చి కలిపేది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుగుడ్డ లాక్కుని వచ్చేశాను. నెల రోజులు ఆ వీధివైపు పోలేదు. నా కోపం ఆమె మీద కాదని తెలుసుకోవడానికి ఆ నెలంతా పట్టింది. ఆ తరువాతే చెన్నైలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక బరువు తగ్గేందుకు జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే ఆపరేషన్ చేశారు. చిన్న గిన్నెడు పప్పునీళ్ళు తాగడానికి అరగంట పట్టేది. కాస్త తొందరపడితే వాంతి. దువ్వెన నిండా జుట్టే. చేతుల కింద చర్మం వేలాడింది. నేను చిక్కిపోవడం చూసి, చక్కెర జబ్బు వచ్చిందేమోనని మా చుట్టాలు పరామర్శకు వచ్చారు, చేతిలో మైసూరుపాకు పొట్లంతో సహా.

ఆపరేషన్ అయిన ఐదో నెలలో ఆ మూడు మెట్లూ ఆగకుండా ఎక్కాను. అక్క పెదవుల మధ్య సూదులు తీసి డబ్బాలో వేసింది. నేను అలవాటు కొద్దీ నా పాత పెద్ద జాకెట్టు అందించి, "లూజుగానే కుట్టక్కా" అన్నాను. దాన్ని పక్కన పడేసి, "చేతులెత్తు" అంది. టేపు చుట్టి, అంకెను వీధికంతా వినబడేలా చదివింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు.

"వినినావా? ఇది వట్టి నంబరు, తిట్టు గాదు. ఇంకమీద కొలిచే కుడతా. లోపల మాత్రం రెండంగుళాలు బట్ట వదులుతా. మళ్ళీ పెరిగితే దాచుకోబాక, వచ్చి విప్పించుకో."

"నేనింక పెరగనక్కా" అన్నాను రోషంగా.

"సరి, పెరగబాక. బట్ట ఉండనీ."

కిందటేడు మునెమ్మక్క పోయింది. ఆ అరుగు మీద ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే ఆ మెట్ల దగ్గర ఆగుతాయి. ఆమె లేని లోటు నాకు పండగలకన్నా జాకెట్టు గుడ్డ కొన్నప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

కొత్త దుకాణంలో ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. సంచీలోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాను. "అళవు జాకెట్టు వద్దమ్మా, టేపు తీసుకో" అని చేతులెత్తాను. ఆవిడ కొలిచి, బెంచీ మీద ఉన్న ఇద్దరి వైపు చూసి, మొహమాటంగా గొంతు తగ్గించింది.

"గట్టిగానే చెప్పు" అన్నాను.

చెప్పింది. మునెమ్మక్క కొలిచినప్పటికన్నా రెండంగుళాలు ఎక్కువ. నవ్వు ఆగలేదు నాకు. అప్పుడు సంచీలోంచి మునెమ్మక్క జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను.

"దీని కుట్లు కూడా విప్పమ్మా. లోపల బట్ట ఉంది."