ఆవులు వదిలేసిన జాబితా

బోటనీలో బి.ఎస్సీ. పాసైతే చాలు, భూమ్మీద పచ్చగా కనిపించేదంతా మనకి సలాం కొడుతుందనుకునే రోజులవి. అప్పటి నా అవతారం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెవులు మూసే జుట్టు, వీధులూడ్చే బెల్‌బాటం, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. ఆయన కొడుకు మాత్రం పోర్టు దుమ్ము పీల్చడానికి పుట్టలేదట (ఈ మాట అన్నది నేనే). అందుకని మేత బీళ్ళ సర్వే చేసే ఒక ఆఫీసులో టెంపరరీగా చేరాను. ఆనందపురం అవతల ఒక ఊరి బీడులో ఏయే మొక్కలున్నాయో గుర్తుపట్టి, పశువులకి పనికొచ్చేవి, పనికిరానివి అని విడదీసి రాయాలి. మేత లేదని తేలితే ఆ బీడుకి కంచె వేసి సరుగుడు నాటుతారు. నా రిపోర్టు మా పెద్దసారుకి నచ్చితే ఉద్యోగం పర్మనెంటు.

వారం రోజులు వెళ్ళాను. తీరిగ్గా ఇడ్లీ తిని, బస్సెక్కి, పదకొండింటికి బీడులో అడుగుపెట్టేవాణ్ణి. ఎటు చూసినా తంగేడు, జిల్లేడు, వాకుడు, మళ్ళీ తంగేడు. ఒక్కోదాని దగ్గరా గొంతుక్కూర్చుని, మూరెడు లాటిన్ పేరు పైకి చదివి మరీ రాసుకునేవాణ్ణి (వినడానికి ఎవరూ లేకపోయినా). ఇక గడ్డంటారా, నేలకి గుండు కొట్టించినట్టుండేది. చివరి రోజున 'మేత మొక్కలు: లేవు' అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఆ ఊరి పశువుల్ని తోలే పెద్దావిడ ఒకామె ఉండేది. పేరు అడిగే మర్యాద నాకు లేదు గనక ఆవులమ్మ అనుకునేవాణ్ణి. ఆ రోజు ఆమె దగ్గరికొచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. పామరులకి జ్ఞానదానం చేసే గొంతుతో, మీ బీడులో మేత లేదమ్మా అన్నాను. కంచె సంగతి కూడా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"తెల్లారి ఆవులు తినీసినాక వొచ్చి, అయి ఒగ్గీసినవి రాసుకుంతన్నావేటి బాబూ? పెళ్ళి బోజనాలైనాక ఎంగిలాకులు సూసి, ఈలింట్లో కరేపాకే వొండినారని రాసినట్టుంది."

ఆమె నన్నొక రేగుపొద దగ్గరికి తీసుకెళ్ళి లోపలికి చూడమంది. ముళ్ళకి భయపడి పశువు మూతి పెట్టని ఆ నడిమధ్యలో మోకాలెత్తు గడ్డి ఉంది. చెయ్యి పెట్టాను, తర్వాత తల పెట్టాను, తర్వాత మొత్తం నేనే దూరాను. గరిక, చెంగలి, పిల్లిపెసర తీగ, ఇంకా నా పుస్తకంలో లేనివి నాలుగైదు. ఇది పాలు పెంచుతుంది, ఇది ఆకలి తీరుస్తుంది, ఇది ఎక్కువ తింటే పొట్ట ఉబ్బుతుంది అని ఆమె బయటినుంచి చెబుతూనే ఉంది. నా మూడేళ్ళ చదువు ఆమె ముందు ఎందుకూ కొరగాలేదు. బెల్‌బాటంలో ఒక కాలు పొదకే సమర్పించి బయటపడ్డాను.

మర్నాడు ఆ గడ్డి పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. జీపు దిగకుండానే బీళ్ళన్నీ చూసేసిన మహానుభావుడాయన. పొదలోపలి గడ్డికి ఫారంలో గడి లేదన్నాడు. "పర్మనెంటు కావాలా, పొదలు కావాలా?" అని కూడా అన్నాడు. నేను, సిగ్గులేని వెధవని, పాత రిపోర్టు మీదే సంతకం పెట్టాను.

పర్మనెంటు అయింది. బీడుకి కంచె పడింది. మరుసటేడు వానలకి, పశువు మూతి తగలని ఆ కంచెలోపల గడ్డి నడుమెత్తు లేచి, నాటిన సరుగుడు మొక్కల్ని కనబడకుండా మింగేసింది. ఇదేం గడ్డో గుర్తుపట్టి రమ్మని పెద్దసారు మళ్ళీ నన్నే పంపాడు. ఈసారి తెల్లవారేసరికి అక్కడున్నాను. కంచె బయట డొక్కలెండిన ఆవులు, వాటి పక్కన ఆవులమ్మ. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు కనబడతన్నాయా బాబూ?" అంది, అంతే.

గేటు తాళంచెవి నా జేబులోనే ఉంది. తీశాను. ఆవులన్నీ లోపలికి వెళ్ళాయి. నేను ఒక రాయి మీద కూర్చుని, అవి ఏది ముందు తింటే అది ముందు రాసుకున్నాను. మొదట పిల్లిపెసర, ఆ తర్వాత గరిక, ఆ తర్వాత చెంగలి. నాకు తెలియని పేర్లు ఆవులమ్మ చెప్పింది. ఒక ఆవు తంగేడు వాసన చూసి, వదిలేసి, నా కాగితం నాకబోయింది.

ఉద్యోగం ఆ నెలలోనే ఊడింది. మళ్ళీ మొక్కలు నాటే ఓపిక ఎవరికీ లేక కంచె తుప్పుపట్టి పడిపోయిందని, ఆవులు మళ్ళీ తిరుగుతున్నాయని తర్వాత విన్నాను. నేను చివరికి పోర్టులోనే గుమాస్తాగా చేరి, రిటైరయ్యేదాకా ఆ దుమ్మే పీల్చాను. ఆ జాబితా ఇంకా నా బీరువాలో ఉంది. అందులో లాటిన్ ముక్క ఒక్కటి లేదు, మూలన ఆవు మూతి మరక మాత్రం ఉంది. దాన్ని తీసినప్పుడల్లా ఆ బెల్‌బాటం వెధవని నోరారా నాలుగు తిడతాను. పోనీలే, ఆ ఒక్కరోజైనా ఆవులకంటే ముందు లేచాడు.