ఫొటోలో మా అమ్మమ్మ చెయ్యి

మా పిన్ని పాతికేళ్లు మిల్లులో మరమగ్గాలు నడిపింది. మిల్లు మూతపడ్డాక ఆ షెడ్డుకే రంగులు వేసి, ప్రాంతీయ చరిత్ర కేంద్రం అని బోర్డు పెట్టారు. మగ్గాలు నడిపిన మనిషికి అక్కడ ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, నేల ఊడవడం! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొదటి హాల్లో, ఒకప్పుడు ఆ మిల్లులోనే తీసిన గోడంత ఫొటో ఉంది. మగ్గం ముందు ఒకామె నిలబడి ఉంటుంది. తల వంచుకుందేమో, ముఖం సరిగ్గా కనపడదు. ఒక చేతికి మాత్రం చిటికెన వేలు లేదు. కింద చీటీ మీద "గుర్తు తెలియని కార్మికురాలు" అని రాశారు. పిన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆవిడ వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ. మా ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ఆ చీటీ మీద అమ్మ పేరు చూసుకోవాలని పిన్ని ఆశ, అంతే.

వెళ్లి డైరెక్టరుకు చెప్పింది.

"మీ అమ్మకు మగ్గంలో పడి చిటికెన వేలు పోయిందన్నావు. ఏ చేతిది?"

"ఎడం చేతిదండీ."

"ఈమెకు లేనిది కుడిచేతి వేలు. ఈవిడ వేరే ఎవరో. వెళ్లి పని చూసుకోమ్మా."

కన్నతల్లిని కూతురు పోల్చుకోలేదట, ఏసీ గదిలో కూర్చున్న ఈ మహానుభావుడు పోల్చేశాడట! నేను వెళ్లి కడిగేస్తానంటే పిన్నే ఆపింది. "నువ్వాగవే బాబూ. నోరు పారేసుకుంటే ఉన్న పనీ చెడుతుంది."

నాలుగు రోజులకు, హాల్లో పెట్టిన పాత మగ్గాన్ని తుడుస్తుంటే దాన్ని నడిపే పిడి పిన్ని చేతికి తగిలింది. పాతికేళ్లు ఎడమచేత్తో లాగిన పిడి అది. తలెత్తి చూస్తే ఫొటోలో అది ఆవిడకు కుడివైపు ఉంది.

చీపురుతోనే డైరెక్టరు గదిలోకి వెళ్లింది. "సార్, ఈ మిల్లులో ఏ మగ్గానికీ పిడి కుడివైపు లేదు. మీరు ఫొటోని తిరగేసి అచ్చు వేయించారు. సరిచేసి చూడండి, వేలు ఏ చేతికి లేదో!"

వారంలో ఫొటో సరిచేశారు. తప్పు పట్టుకున్నది తానేనని డైరెక్టరు పైవాళ్లకు చెప్పుకున్నాడు. చీటీ మాత్రం మారలేదు. "పేరు వేయాలంటే కాగితం ఉండాలమ్మా" అన్నాడు. వేలు పోయినప్పుడు మిల్లువాళ్లు ఏ కాగితం ఇచ్చారు గనక!

ఆ రోజు నుంచి ఫొటో ముందు ఎవరు ఆగినా పిన్ని ఊడవడం ఆపి, "ఈవిడ మా అమ్మండీ" అని మొదలుపెడుతుంది. ఒకరోజు డైరెక్టరు అందరి ముందే కసిరాడు. "నీ పని ఊడవడం!"

"ఊడుస్తూనే ఉన్నాను సార్. మీకు గుర్తు తెలియదు, రాసుకున్నారు. నాకు తెలుసు, చెబుతున్నాను."

చీపురు గోడకు ఆనించి, వచ్చినవాళ్ల వైపు తిరిగి మా అమ్మమ్మ పేరు చెప్పింది.