కవర్ల మూలల్లో గాట్లు

1966లో గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి, నాంపల్లిలోని ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో కేటలాగర్‌గా చేరాను. పుస్తకానికి వరుస నంబరు వేసి, కార్డు రాసి, దాన్ని దాని చోట నిలబెట్టడమే కేటలాగర్ పని. హోదా లైబ్రేరియన్‌కు ఒక మెట్టు కింద. నా కార్డులు చూపించి కొత్తవాళ్లకు పని నేర్పేవారు. ఆ పొగడ్త నాకు బాగా తలకెక్కింది.

మా పాఠకురాలు సుశీల గారు బడిపంతులమ్మ. అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఇల్లు. తండ్రి నర్సింగరావు గారి దగ్గర నూటయాభై దాకా గ్రామఫోను రికార్డులుండేవి. "కవర్లన్ని పాడైనయి సారు. ఏది ఏడున్నదో నాయినకే ఎర్క. మీ లైబ్రరీల లెక్క జర లిస్టు చేసియ్యున్రి" అని ఆవిడ అడిగారు. అడిగిందే తడవుగా ఒప్పుకున్నాను.

ఆరు ఆదివారాలు పట్టింది. రికార్డుకు మూడేసి కార్డులు: పాడినవారి పేరు మీద ఒకటి, పాట మొదటి మాట మీద ఒకటి, రాగం మీద ఒకటి. కవర్ల మూలల్లో ఒకటి, రెండు, మూడు గాట్లు కనిపించాయి. ఎలుకల పనే అనుకుని అన్నీ పారేయించి, కొత్త ఖాకీ కవర్లు తొడిగి, అకారాది క్రమంలో నిలబెట్టాను. పని అయ్యేదాకా అలమారా ముట్టుకోవద్దని ఇంటి యజమానికే ఆంక్ష పెట్టాను. పెద్దాయన సరేనని వరండాలో కూర్చునేవారు.

చివరి ఆదివారం, సుశీల గారు వంటింట్లో చాయ్ పెడుతుండగా, ఆయన్ను పిలిచి నచ్చిన పాట ఒకటి తీయమన్నాను. ఆయన చెయ్యి కవర్ల మూలలు తడిమింది. ఒకటి, ఇంకొకటి, అలా పది దాకా. కార్డుల పెట్టె వైపు తల కూడా తిప్పలేదు.

"పాత కవర్లేవి సారు?" అని మెల్లగా అడిగారు. పాత కాగితాలవాడికి వేశామని చెప్పాను.

"గా గాట్లు నేనే పెట్టుకున్న. రెండేండ్ల సంది అచ్చరాలు కనవడ్తలేవు. ఏ మూలకు ఎన్ని గాట్లో, గదే నా లిస్టు." వంటింటి వైపు చెవి పెట్టి, "బిడ్డకు చెప్పకున్రి. ఎర్కైతే నన్ను ఒక్కణ్ణి బయటికి పోనియ్యది" అన్నారు.

చాయ్ తాగి, సుశీల గారు థాంక్స్ చెబితే పుచ్చుకుని వచ్చేశాను. కొత్త కవర్లకు గాట్లు పెట్టిస్తానని కనీసం అనలేదు.

రెండు నెలల తర్వాత ఆవిడ లైబ్రరీకి వచ్చి, "లిస్టు అయినంక నాయిన పాటలే పెడ్తలేరు సారు. ఏందంటే చెప్తలేరు" అన్నారు. పెద్దతనం అయి ఉంటుందన్నాను. ఆయన చెప్పొద్దన్నారు కదా అని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నా పేరు చెడుతుందనే దాచాను. పైగా ఆ ఏడు ప్రమోషన్ దరఖాస్తులో ఆ కేటలాగును నా పనితనానికి నమూనాగా రాసుకున్నాను. ప్రమోషన్ వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ తర్వాత ఎవరి అలమారా సర్దాల్సి వచ్చినా, ముందు ఆ మనిషిని ఒకటి తీసి చూపించమనేవాణ్ణి. అరనిమిషం పట్టే పని. నర్సింగరావు గారిని ఆరో ఆదివారం అడిగాను. మొదటి ఆదివారం అడగాల్సింది.