బండ మీదుగా పోసిన కాలువ

తలూపడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే నా తల కదిలిపోతుంది. ఒప్పుకొని కాదు, మాట్లాడే పని తప్పుతుందని. ఆఫీసులో నా వెనక నన్ను మూగ మేడం అంటారని తెలుసు.

సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక రెండేళ్లు హయత్‌నగర్ అవతల ఒక అపార్టుమెంటు సైటులో పనిచేశాను. మేస్త్రీలు నా మాట వినేవాళ్లు కాదు. సర్కారు ఉద్యోగమైతే నోరు తెరవక్కర్లేదు, సంతకం చాలు అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రీడింగ్ హాల్లో మూడేళ్లు కూర్చుని చదివి, పరీక్ష నెగ్గి, ఎల్బీనగర్ వైపు అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. ఆ రోజు డైరీలో, ‘ఇకనుంచి నేను కట్టించినవి నిలుస్తాయి’ అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు తెరవను.

నిరుడు సరూర్‌నగర్‌లో ఒక గల్లీకి వాననీటి కాలువ మంజూరైంది. గల్లీలో అన్నిటికంటే పల్లంలో ఉన్న గదిలో ఒక ముసలామె బట్టలు కుట్టేది. వాన గట్టిగా పడితే గదిలోకి నీళ్లు. అందుకని వానాకాలమంతా కుట్టుమిషను ఇటుకల మీద, జనం ఇచ్చిన బట్టలు అటక మీద. రోజుకు పదిసార్లు స్టూలెక్కి దిగాలి. తవ్వకం మొదలైన రోజే నాకు చాయ్ తెచ్చిచ్చి అడిగింది.

“ఇంజనీరు బిడ్డా, కాలువ అయినంక ఇటుకలు తీసేయొచ్చా? మోకాళ్లు పాడైనయ్ నాకు.”

“తీసేయొచ్చమ్మా” అన్నాను. అప్పటికి అది నిజమే.

సగం తవ్వాక నన్ను రెండు రోజులు ఇంటింటి సర్వే డ్యూటీకి వేశారు. తిరిగి వచ్చేసరికి కాలువ అడుగున కాంక్రీటు పోసేసి ఉంది. లెవెల్ మిషను పెట్టి చూశాను. ఒకచోట అడుగు జానెడు ఎత్తుగా ఉంది. బండ తగిలితే కొట్టే ఓపిక లేక కాంట్రాక్టరు మనుషులు దాని మీదుగానే పోసుకుపోయారు. ముసలామె గది దానికి ఇవతల ఉంది. ఇవతలి నీళ్లన్నీ ఆ జానెడు ఎక్కి దిగితేనే పెద్ద నాలాలో కలుస్తాయి.

మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకున్నాను.

“బండ ఉన్నచోట పగలగొట్టి మళ్లీ పోయించాలండి” అన్నాను.

“అబ్బో, మాటలొచ్చినయా నీకు!” అని నవ్వాడాయన. “పైన మూత పడ్డంక లోపల ఎవడు తొంగిచూస్తడమ్మా? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నరు. నడుమ నీకేంది పరేషాన్?”

“అక్కడ పల్లం లేదండి…”

“జానెడే గదా. ఎక్కుతయి తియ్. పో, బుక్కు రాసి పంపు.”

నా తల ఊగింది. జరిగిన పని కొలతలు రాసే ఆ పుస్తకంలో నక్షాలో ఉన్న లోతే పొడవునా రాసి సంతకం పెట్టాను. అసలు కొలతలు ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. డైరీలో రాస్తే నిజం చెప్పినట్టే అని అప్పట్లో నమ్మేదాన్ని.

కాలువ మీద మూతలు వేసిన రోజు ముసలామె గడపలో నిలబడి ఉంది.

“అయిపోయినట్టేనా బిడ్డా? ఇగ దించుకోవాల్నా?”

పక్కన కాంట్రాక్టరు మనుషులున్నారు. మా అధికారి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను తలూపాను. ఆమె నా ముందే ఇటుకలు ఒక్కొక్కటే తీసి బయట గోడవారగా పేర్చింది.

జూలైలో ఒక మధ్యాహ్నం కుండపోత. మర్నాడు పొద్దున వెళ్లాను. గదిలో మోకాలి ఎత్తున తడి గీత. బురదలో నానిన మిషను మోటారు. కరెంటు మోటారు పెట్టించుకున్న సంగతి నాకు తెలియదు. ఎవరో పెళ్లికని ఇచ్చిన పట్టు జాకెట్లు, రంగులు ఒకదానికొకటి అంటుకుని, దండెం మీద వేలాడుతున్నాయి. వాటిని ఇచ్చినవాళ్లు అప్పటికే వచ్చి అరిచి వెళ్లారట.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

“నువ్వు తలూపినవ్ గదా బిడ్డా” అంది, తనే ఎక్కడో పొరపాటుగా చూసిందేమో అన్నట్టు. మళ్లీ తనే, “కాలువల చెత్త పడ్డదేమో. తీపిస్తే పోతయా నీళ్లు? చెప్పు, మల్ల కిందనే పెట్టుకుంట” అంది.

“వద్దమ్మా. కింద పెట్టొద్దు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “కాలువలో బండ ఉంది. నీళ్లు పోవు. నాకు ముందే తెలుసు.”

ఆమె దండెం మీది జాకెట్ల వైపు చూసింది.

“గా ఒక్క ముక్క ఆనాడు చెప్తే ఏం పోయేది నీకు?”

ఆమె బయటికి వెళ్లి, గోడవారనున్న ఇటుకలను రెండేసి చొప్పున లోపలికి మోయడం మొదలుపెట్టింది. నేను సాయానికి వంగితే, “ఉండనీ మేడం” అంది. అప్పటిదాకా ఎప్పుడూ నన్ను మేడం అనలేదు.