సాయంత్రం ఫోన్ పాఠం

మా బళ్ళో పిల్లలు ఆవిడని 'బతుకు టీచర్' అంటారు. చొక్కాకి గుండీ కుట్టడం, కాలిపోయిన ఫ్యూజు మార్చడం, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఏమేం అడగాలో తెలుసుకోవడం, ఇవీ పదో తరగతికి ఆవిడ చెప్పే పాఠాలు. పరీక్షలు దగ్గర పడితే ఆ పీరియడ్లు లాక్కునేది నేనే, లెక్కల టీచర్ని. ఆవిడ కిక్కురుమనేది కాదు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను.

నిరుడు వాళ్ళమ్మ పోయాక ఆ రెండు గదుల ఇంట్లో అక్క ఒక్కతే మిగిలింది. ఓసారి వెళితే ముందుగదిలో టీవీ దాని పాటికది మోగుతోంది, ఈవిడేమో వంటింట్లో ఉంది.

"చూడనప్పుడు కట్టెయ్యొచ్చుగా అక్కా?" అన్నాను.

"కట్టేస్తే ఫ్రిజ్ చప్పుడొక్కటే వినపడుతుందే" అంది.

ఈ ఏడు కొత్త పాఠం పెట్టింది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఫోన్లో మాట్లాడటం. ఈ కాలం పిల్లలు ఫోన్లో గంటలకొద్దీ టైపు చేస్తారు గానీ, డాక్టరు ఎప్పుడుంటారో కనుక్కోమంటే నోరు పెగలదు. అందుకని సాయంత్రం పూట ఒక్కొక్కరే ఆవిడకి ఫోన్ చెయ్యాలి. ఒకరికి ఆస్పత్రి గుమాస్తా, ఇంకొకరికి కరెంటాఫీసు, మరొకరికి చిర్రుబుర్రులాడే ఇంటి ఓనరు, అన్నీ అక్కే. మర్నాడు స్టాఫ్‌రూములో ఆ గొంతులన్నీ చేసి చూపిస్తుంటే, ఈవిడకింత నోరెక్కడిదమ్మా అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

కానీ ఆ పాఠం ఏమిటి? పేరు చెప్పు, పని చెప్పు, థాంక్స్ చెప్పి పెట్టెయ్. పిల్లలకి ఎంత బాగా వస్తే మాటలు అంత తగ్గాయి. వచ్చినవాళ్ళు పాసై ఫోన్లు మానేశారు. చివరికి ఒక్క పిల్ల మిగిలింది. అది తడబడేది, మధ్యలో దారి తప్పి కుక్కపిల్ల సంగతీ, అమ్మమ్మ మోకాళ్ళ సంగతీ మొదలెట్టేది. "రేపు మళ్ళీ చెయ్యమ్మా" అనేది అక్క. అలా వారాలు గడిచాయి.

ఓ రోజు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి బావురుమంది. "నేనంత మొద్దునా టీచర్? నిన్న ఒక్క మాట కూడా తప్పు పోలేదు. అయినా మళ్ళీ చెయ్యమన్నారు."

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా వెళ్ళి అక్కని కడిగేశాను. "నీ పొద్దు పోవడానికి పిల్లని ఏడిపిస్తావా? అది నిజంగానే మొద్దుననుకుంటోంది!"

అక్క తల దించుకుంది. "ఇంటికెళ్ళాక నాతో మాట్లాడేది అదొక్కతేనే" అంది.

జాలేసింది. అయినా ఊరుకోలేదు. "పిల్ల ఏం పాపం చేసిందక్కా?" అన్నాను.

ఆ సాయంత్రమే బడి వదిలాక అక్క నా ఎదురుగానే ఆ పిల్లని ఆపి, తన ఫోన్ చేతికిచ్చింది. ఈసారి ఉత్తుత్తి ఆస్పత్రి కాదు, నిజందే. "నా కళ్ళు చూపించుకోవాలి. ఎప్పుడు రమ్మంటారో కనుక్కో."

పిల్ల గుండెల నిండా ఊపిరి తీసుకుంది. పేరు చెప్పింది, పని చెప్పింది, ఎప్పుడు రావాలో అడిగి, థాంక్స్ చెప్పి పెట్టేసింది. కుక్కపిల్ల లేదు, అమ్మమ్మ లేదు.

"పాస్" అంది అక్క.

"అంటే ఇంక మీకు ఫోన్ చెయ్యక్కర్లేదా టీచర్?"

"అక్కర్లేదమ్మా."

"అమ్మయ్య!"

"ఊరికే ఎప్పుడైనా..." అని అక్క అనబోయేలోపే పిల్ల సంచీ తగిలించుకుని మెట్లు దిగేసింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క మాత్రం అటే చూస్తూ, "ఎంత బాగా మాట్లాడిందో చూశావా?" అంది.