మాట ఖాయమయ్యేదాకా చాయ్ ముట్టని నాయిన

మొన్న శనివారం మనవరాలికి కాలేజీ చూపించడానికి నా కూతురు యాప్రాల్ నుంచి మేడ్చల్ అవతలికి బయలుదేరుతూ నన్నూ కారెక్కించుకుంది. గేటు దాటామో లేదో, మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి మా చేతుల్లో కాగితం కప్పులతో చాయ్ పెట్టి, అంతా చూపిస్తానని ముందు నడిచింది. ఆ పిల్ల లైబ్రరీ గురించీ రాబోయే ఉద్యోగాల గురించీ చెప్పుకుపోతుంటే నేను ఊరుకోవచ్చు కదా, ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు వస్తాయా, హాస్టల్లో అన్నం వండేది ఎవరు అని అడిగాను. మనవరాలి ముఖం కందిపోయింది. మెల్లగా నా పక్కకు వచ్చి, "అమ్మమ్మా, నీకు కాళ్లు నొస్తయి. నువ్వు గేటు దగ్గర కూర్చో, మేం చూసొస్తం" అంది. నా కాళ్లకు ఏ నొప్పీ లేదు. అయినా వచ్చి సెక్యూరిటీ గది పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చున్నాను, చాయ్ కప్పు చేతిలో అలాగే ఉంది. కోపం రాలేదు కానీ మనసు కలుక్కుమంది, ఎందుకంటే సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేను మా నాయినను అన్నాను.

అప్పుడు నాకు పదహారేళ్లు. మాది లాల్‌గడి మలక్‌పేట్, నాయిన శామీర్‌పేట దగ్గర ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ఇప్పుడు ప్లాట్ల బోర్డులు తప్ప ఏమీ కనిపించని ఆ దారిలో అప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే, ఆ రోడ్డున బస్సులో పోయినవాళ్లు మీలో ఉంటే కిటికీలోంచి వచ్చే ఆ తీపి పులుపు వాసన గుర్తుండే ఉంటుంది. పదో తరగతి పాసై, మేడ్చల్‌లో ఇంటర్ సైన్సు చదువుతానని నేను మొండికేశాను. ఆడపిల్లను అంత దూరం పంపవద్దని మా అవ్వ, తనతో తోట పనికి రమ్మని అమ్మ. నాయిన మాత్రం, ఒకరోజు పోయి కాలేజీ చూసొచ్చి చెబుతానన్నాడు. నేను చదవడమో మానడమో ఆ ఒక్కరోజులో తేలిపోతుంది.

ఆదివారం ప్రార్థనకు కట్టుకునే తెల్లపంచె కట్టుకుని నాయిన నాతో బస్సెక్కాడు. ఆయన అంతకుముందు ఏ కాలేజీ గడపా తొక్కలేదు, ఆయనకు తెలిసిందల్లా సంబంధానికి ఇల్లు చూసి రావడమే. మా ఊరి పెద్దలు పిల్లనివ్వబోయే ఇల్లు చూడటానికి పోతే బావి నీళ్ల సంగతి అడిగేవారు, కొట్టంలో పశువులను చూసేవారు, ఇరుగుపొరుగును కదిలించేవారు, కానీ మాట ఖాయమయ్యేదాకా ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టేవారు కాదు, తాగితే ఒప్పుకున్నట్టే లెక్క.

ప్రిన్సిపాల్ మేడం మంచి మనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి స్టీలు గ్లాసుల్లో చాయ్ తెప్పించింది. నాయిన తన గ్లాసును పక్కకు జరిపి, "ఇప్పుడే వద్దమ్మా, ముందుగాల అంత చూడాలె" అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. పిల్లను పంపడం ఈయనకు ఇష్టం లేదనుకుందేమో, సీట్లు కొన్నే ఉన్నాయని ముక్తసరిగా చెప్పి నా దరఖాస్తును దొంతర అడుగున పెట్టేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. బయటికి రాగానే, "నీతోని నా ఇజ్జత్ పోతాంది నాయినా, నువ్వు పోయి గేటుకాడ కూసో, నేనే సూసుకుంట" అన్నాను. ఆయన భుజం మీది తువ్వాల సర్దుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

నేను గంటసేపు తిరిగి ల్యాబులో గాజు సీసాలనూ, అద్దాల పెట్టెలో అస్థిపంజరాన్నీ చూసి మురిసిపోయి వచ్చేసరికి, నాయిన కాలేజీ ఊడ్చే వాచ్‌మన్ భార్యతో ముచ్చట పెడుతున్నాడు. నాకు కనపడని కాలేజీ ఆయనకు ఆమె మాటల్లో కనపడింది. ప్రాక్టికల్స్ వారానికి మూడు రోజులు ఐదింటిదాకా ఉంటాయట, శామీర్‌పేటకు చివరి బస్సు నాలుగున్నరకే పోతుందట, అందుకే మా వైపు ఆడపిల్లలు ఏటా దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రావడం లేదట. అది చెప్పి నాయిన బస్సులు పోయే రోడ్డు వైపు చూశాడు. ఇక నా చదువు అయిపోయిందనుకున్నాను.

చివరికి, "గా మూడు దినాలు నేను సైకిల్ మీద వస్త" అన్నాడు. "పొద్దుగాల జల్దీ పనిల దిగుత. తోట పటేల్‌కు నేను జెప్పుకుంట."

లేచి సీదా మేడం గదిలోకి నడిచాడు. ఆ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది, చాయ్ మీద తెట్టు కట్టింది. "ఇగ తాగుతనమ్మా, మా పిల్లను మీకు అప్పజెప్తున్న" అని, మళ్లీ వేడి చేయిస్తానంటున్నా వినకుండా నిలబడే తాగేశాడు. ఆమెకేమీ అర్థం కాక అడిగితే అప్పుడు చెప్పాడు, ఇల్లు చూసే పద్ధతి గురించి. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అడుగున ఉన్న నా దరఖాస్తు లాగి సంతకం పెట్టింది.

రెండేళ్లపాటు ఆ మూడు రోజులూ ఐదింటికి నేను బయటికి వస్తే, నేను పోయి కూసోమన్న ఆ గేటు దగ్గరే సైకిల్ పట్టుకుని నిలబడి ఉండేవాడు, చేతులకు ద్రాక్షతోటలో కొట్టే మందు వాసనతో. వెనక క్యారియర్ మీద కూర్చుని ఇంటిదాకా ఎన్ని ముచ్చట్లు చెప్పానో, ఆ ఒక్క మాటకు మాత్రం తప్పయిందని చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటూనే చదువైపోయింది, నర్సు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నాయిన పోయాడు.

ఇదంతా తలుచుకుంటూ, గేటు దగ్గర డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ ఆమెను, ఊరు దూలపల్లి అట, ఇక్కడ సాయంత్రం బస్సులెప్పుడు పోతాయని అడిగాను. ఆమె నవ్వి, "గిప్పుడు అన్ని ఫోన్లనే సూస్తరమ్మా, మమ్ముల ఎవలడుగుతరు" అంది. నిజమే, బస్సు ఎక్కడుందో, హాస్టల్లో ఏం వండారో పిల్లలకు ఇంట్లోంచే తెలిసిపోతోంది, బస్సు లేక చదువు మానేసే పిల్లలూ తగ్గారు, అంతకన్నా కావలసిందేముంది. కాకపోతే గేటు దగ్గర కూర్చున్న పెద్దవాళ్లు కనుక్కోవలసింది ఇప్పుడేమీ లేదు. చాయ్ కూడా లోపలికి రాగానే ఇచ్చేస్తున్నారు, తాగినా తాగకపోయినా దానికేమీ అర్థం లేదు.

గంటకు కూతురు కారు దగ్గరికి పోతే, మనవరాలు నా దగ్గరికి వచ్చింది. నచ్చిందా అంటే, "మస్తు నచ్చింది అమ్మమ్మా, ఇక్కడనే చేరుత" అని, నా చేతిలోని కప్పు చూసి సల్లారిపోయిందిగా, పారెయ్యమంది. నేను పారేయలేదు, ఉన్నదంతా తాగేశాను. అప్పుడది తల దించుకుని ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఎన్నేళ్ల తర్వాతో ఈ గేటు గుర్తొచ్చి అది నాలాగా బాధపడకూడదనిపించింది. "నిజంగనే కాళ్లు నొస్తున్నయి బిడ్డా, కూసోబెట్టి మంచి పని జేసినవ్" అని చెప్పి, దాని భుజం పట్టుకుని కుంటుకుంటూ కారు దాకా నడిచాను.