ముందు పడుకునేవాళ్లు

"ఏందే, ఇంకా కూసున్నవ్? తెల్లారగట్ల ఇప్పచెట్టు కాడికి నువ్వు గూడ రావాలె. పో, పండుకో," అంది నాయనమ్మ. ఆ మాటతో చాప మీద అక్క పక్కన నాకూ చోటు దొరికింది.

ఆవపల్లి దగ్గరి మా ఊళ్లో ఇప్పపూల కాలంలో పెద్దపిల్లలే ముందు పడుకోవాలి. తెల్లవారకముందే పూలేరడానికి లేచేది వాళ్లే. చిన్నవాళ్లం ఎంతసేపు ఆడుకున్నా అడిగేవాళ్లు లేరు. వాళ్లతో పోవాలని నేను ఏడ్చేదాన్ని. తొందరగా నిద్రపోయినవాళ్ల కోసమే చెట్టు పూలు రాలుస్తుందని నమ్మి, ఆ రాత్రి కళ్లు గట్టిగా మూసుకున్నాను.

తెల్లవారుజామున మసక వెలుతురులో చెట్టు కింద నిలబడ్డాను. రాలిన ఆకులు కాల్చి శుభ్రం చేసిన నల్లటి నేల మీద, గాలి లేకుండానే, లేతపసుపు పూలు టప్ టప్‌మని పడుతున్నాయి. అడుగు వేయడానికి భయమేసింది.

"తొక్కుతనేమో అక్కా."

"రోజూ రాలేటియేనే. బుట్ట పట్టు," అని నవ్వింది అక్క.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న దంతెవాడ సంతలో ఇప్పపూల వాసన తగిలి ఆగిపోయాను. పిల్లలు పడుకునే వేళను నాయనమ్మ వయసును బట్టి కాక మర్నాటి పనిని బట్టి పెట్టేదని అప్పుడు తోచింది. పొద్దున్నే బడి బస్సెక్కాల్సిన మా పెద్దమ్మాయికి అదే చెప్పి, ముందు పడుకోమన్నాను. "తమ్ముడి కంటే పెద్దదాన్ని, నేనెందుకు ముందు పడుకోవాలి?" అంది. మా ఇంట్లో అది ఇంకా తేలలేదు.